హిడెన్ ఆబ్జెక్టా, మ్యాచ్‌త్రీనా: తీరిక వేళకు ఏది మేలు?

పని ముగించుకుని కాసేపు కూర్చున్నప్పుడు ఆడుకోదగిన పజిల్ ఆటలు ఫోన్లలో వేలకొద్దీ ఉన్నా, వాటిలో పెద్ద భాగం రెండు తెగలకు చెందినవే. ఒకే రంగు ముక్కలు మూడింటిని ఒక వరుసకు చేర్చి పగలగొట్టేది మ్యాచ్‌త్రీ. సామాన్లతో కిక్కిరిసిన బొమ్మలో జాబితా ప్రకారం వస్తువులను ఏరేది హిడెన్ ఆబ్జెక్ట్. నేను రెండూ ఆడేవాణ్ణి గనుక వీటిలో ఏది మేలని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే హిడెన్ ఆబ్జెక్ట్ ఆట అన్నిటికన్నా మేలు; ఉచితంగా దొరికే హిడెన్ ఆబ్జెక్ట్ ఆట అన్నిటికన్నా అధమం; ఉచిత మ్యాచ్‌త్రీ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. ఒకే తెగకు చెందిన ఆటలు మొదటి స్థానంలోనూ చివరి స్థానంలోనూ ఎలా ఉన్నాయన్నదే ఇక్కడ చెప్పవలసిన విషయం.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చూద్దాం. మ్యాచ్‌త్రీకి మూలం 1994లో రష్యాలో డాస్ అనే పాత వ్యవస్థతో నడిచే కంప్యూటర్ల కోసం తయారైన షారికి. 2001లో పాప్‌క్యాప్ సంస్థ బిజ్యువెల్డ్ పేరుతో రత్నాల ఆటను తెచ్చింది. 2012లో కింగ్ సంస్థ క్యాండీ క్రష్ సాగాను ముందు ఫేస్‌బుక్‌లోనూ, అదే ఏడాది చివర్లో ఫోన్లలోనూ విడుదల చేశాక ఆ ఆట పేరు వినని ఇల్లు లేకుండా పోయింది. హిడెన్ ఆబ్జెక్ట్ మాత్రం, ఆదివారం అనుబంధాల్లో రెండు బొమ్మలు పక్కపక్కన వేసి తేడాలు కనుక్కోమనే శీర్షికకు దగ్గరి చుట్టం. సియాటిల్‌లోని బిగ్ ఫిష్ గేమ్స్ 2005లో తెచ్చిన మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్, మరుసటి ఏడాది వచ్చిన రేవెన్‌హర్స్ట్ దానికి కంప్యూటర్ల మీద ఆదరణ తెచ్చాయి. తర్వాత కథ, అన్వేషణ, చిన్న చిన్న పజిళ్ళు కలగలిసిన రకం పెరిగింది. ఎనిగ్మాటిస్, గ్రిమ్ లెజెండ్స్ వంటి ఆటలతో పోలండ్‌కు చెందిన ఆర్టిఫెక్స్ ముండి ఆ రకంలో మంచి పేరు సంపాదించుకుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టి కేవలం ఆటగా తూచితే మ్యాచ్‌త్రీ వైపే కొంత మొగ్గు ఉందని ఒప్పుకోవాలి. ముక్కలు ప్రతిసారీ కొత్తగా రాలతాయి కాబట్టి అదే లెవెల్‌ను పదిసార్లు ఆడినా పదకొండోసారి వేరే ఆటే అవుతుంది. చూసేవాళ్ళకు వేలు అటూ ఇటూ జరపడమే కనిపిస్తుంది గానీ, కొంత కాలం ఆడినవారికి అందులో ఒక లెక్క తెలుస్తుంది. క్యాండీ క్రష్‌లో నాలుగు ఒక వరుసకు వస్తే చారల మిఠాయి, ఐదు వస్తే రంగు బాంబు తయారవుతాయి. ఆ రెండింటినీ విడివిడిగా వాడేయకుండా పక్కపక్కకు చేర్చి జోడిస్తే, ఆ రంగు మిఠాయిలన్నీ ఒక్కసారిగా చారలవిగా మారి, వరుసలకు వరుసలు తుడిచిపెట్టుకుపోతాయి. కొత్తగా ఆడేవారు కంటికి ముందు కనబడిన పై వరుసల్లో జోడిస్తారు. అనుభవమున్నవారు అడుగు వరుసల్లో జోడిస్తారు, ఎందుకంటే కింద ఖాళీ ఏర్పడితే పైనున్న ముక్కలన్నీ కదిలి, మనం తలపెట్టని జోడింపులు కూడా వాటంతట అవే జరుగుతాయి. ఇంత చేసినా, లెవెల్‌కు లెక్కపెట్టి ఇచ్చే ఎత్తుల్లో, అంటే ముక్కలు జరిపే అవకాశాల్లో, రెండే మిగిలినప్పుడు పైనుంచి ఏ రంగు రాలుతుందన్నది మన చేతిలో లేదు. ఆటగాడి నేర్పు ఎక్కడ ఆగి అదృష్టం ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం ఈ తెగ ఆకర్షణ, అదే దాని లోపం కూడా.

హిడెన్ ఆబ్జెక్ట్‌లో అదృష్టానికి చోటు తక్కువ. వస్తువు అక్కడ ఉంది, మనకు కనబడలేదు, అంతే. ఒకసారి కనబడ్డాక ఆ దృశ్యంలో రహస్యం తీరిపోతుంది కాబట్టి ఇది అరిగిపోయే ఆట. అయితే ఆ ఒక్కసారిలో ఉండే ఆనందం చిత్రకారుడి పనితనం మీద ఆధారపడి ఉంటుంది. మంచి చిత్రకారుడు బాణాన్ని గోడ గడియారానికి ముల్లుగా అమరుస్తాడు. పామును తాడు చుట్ట మీద మరో మెలికగా పడుకోబెడతాడు. సీతాకోకచిలుకను గోడకాగితం మీది పూల మధ్య అదే రంగులో, అదే పరిమాణంలో అతికిస్తాడు. మనం గడియారాన్ని గడియారంగానే చూసి దాటిపోతాం, నాలుగోసారి చూపు అటు వెళ్ళినప్పుడు ముల్లు కొసన ఈకలున్నాయని తడుతుంది. ఆ క్షణంలో మోసపోయామన్న కోపం రాదు, ఇంతసేపూ కళ్ళెదుటే ఉందే అన్న నవ్వు వస్తుంది. చెడ్డ చిత్రకారుడు వస్తువును చీకటి మూలలో తోసేస్తాడు, లేదా ఆవగింజంత చేసి బొమ్మ అంచున పడేస్తాడు. అక్కడ వెతకడానికి ఏమీ లేదు, తెరను తడుముకోవడమే మిగులుతుంది.

కనబడనప్పుడు ఆదుకోవడానికి ప్రతి ఆటలోనూ సూచన బొత్తాం ఒకటి ఉంటుంది. ఈ రెండు తెగల మధ్య తేడా కన్నా, కొన్న ఆటకూ ఉచిత ఆటకూ మధ్య తేడా పెద్దదని నేను నమ్మడానికి కారణం ఈ బొత్తామే. కొన్న ఆటలో సూచన వాడుకున్నాక అది మళ్ళీ నిండేదాకా కొద్దిసేపు ఆగాలి. సులభ స్థాయిలో త్వరగా, కఠిన స్థాయిలో నెమ్మదిగా నిండుతుంది. అంతకు మించి దానికి వెల లేదు. మనం తడబడితే తయారుచేసినవారికి అదనంగా వచ్చేది ఏమీ లేదు గనుక, వస్తువును అన్యాయంగా దాచవలసిన అవసరం వారికి ఉండదు. ఉచిత ఆటలో సూచన ఒక సరుకు. అది అమ్ముడుపోవాలంటే మనం చిక్కుకోవాలి. అలాంటి ఆటలో వస్తువు దొరకనప్పుడు, దాన్ని తెలివిగా దాచారా లేక అమ్మకం కోసం దాచారా అన్న అనుమానం కలుగుతుంది, ఆ అనుమానం వచ్చాక ఆటలోని సరదా సగం పోతుంది.

ఉచిత మ్యాచ్‌త్రీలోనూ ఈ వ్యాపారమే ఉంది. క్యాండీ క్రష్‌లో ఐదు లైఫులుంటాయి, లెవెల్ ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది, పోయిన ఒక్కొక్కటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. లెవెల్ చివర్లో గెలుపు అంచున ఆగిపోతే మరో ఐదు ఎత్తులు కొనుక్కోమని తెర అడుగుతుంది. అయినా దాన్ని ఉచిత హిడెన్ ఆబ్జెక్ట్ కన్నా మెరుగని ఎందుకంటున్నానంటే, అక్కడ ఎదురుచూపు ఆటకు బయట ఉంటుంది, ఆట మొదలయ్యాక అది ఆటగానే సాగుతుంది. ఉచిత హిడెన్ ఆబ్జెక్ట్‌లో ఎదురుచూపు ఆట లోపలికే వచ్చి కూర్చుంటుంది. పారిస్‌కు చెందిన ప్రెట్టీ సింపుల్ 2012లో తెచ్చిన క్రిమినల్ కేస్‌లో హత్యాస్థలంలో ఆధారాలు ఏరి ల్యాబ్‌కు పంపాక, ఆ నివేదిక కోసం నిజంగానే గంటల తరబడి ఆగాలి, లేదా డబ్బుతో ఆ గడువును దాటాలి. బెర్లిన్‌లోని వూగా 2017లో విడుదల చేసిన జూన్స్ జర్నీ చూడముచ్చటైన ఆట. 1920ల నాటి దుస్తులు, కార్లు, భవంతులు ఎంతో శ్రద్ధగా గీశారు. కానీ కథ ముందుకు సాగాలంటే అవే దృశ్యాలను మళ్ళీ మళ్ళీ ఆడి నక్షత్రాలు కూడబెట్టాలి, ఆడేకొద్దీ తరిగి, ఆగితే మెల్లగా నిండే ఎనర్జీ ఒక్కో ఆటకు ఖర్చవుతుంది, నడుమ ఒక ద్వీపంలో ఇళ్ళూ తోటలూ అమర్చుకోవాలి. మొదటిసారి చేసింది వెతుకులాట; నాలుగోసారికి టోపీ ఎక్కడుందో, గొడుగు ఎక్కడుందో వేలికి తెలిసిపోతుంది, జాబితాలో పేరు రాగానే కన్ను కదలకముందే వేలు వెళుతుంది. అది వేగానికి పరీక్ష కావచ్చు గానీ వెతకడం కాదు. ఒక్కసారికే బాగుండే ఆటను పదేపదే ఆడించడం వల్ల దాని ప్రాణమే పోతుందని నా ఫిర్యాదు. మ్యాచ్‌త్రీకి ఈ బాధ లేదు.

ఒకే పేరు మీద ఈ రెండు లోకాలూ చూడాలనుకునేవారికి గార్డెన్‌స్కేప్స్ ఉంది. ప్లేరిక్స్ సంస్థ 2009లో కంప్యూటర్ల కోసం చేసిన గార్డెన్‌స్కేప్స్ హిడెన్ ఆబ్జెక్ట్ ఆట. భవంతి గదుల్లో సామాన్లు వెతికి, వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో తోట బాగుచేసుకోవాలి. 2016లో ఫోన్లకు వచ్చిన గార్డెన్‌స్కేప్స్‌లో తోట ఉంది, బట్లర్ ఉన్నాడు, వెతుకులాట స్థానంలో మాత్రం మ్యాచ్‌త్రీ వచ్చి చేరింది. లైఫులు, అదనపు ఎత్తుల పద్ధతికి మ్యాచ్‌త్రీ ఎంత బాగా ఒదుగుతుందో ఈ మార్పే చెబుతోంది. ఆ సంస్థ ప్రకటనల సంగతి వేరే కథ. గడియలు లాగి మనిషిని కాపాడే పజిల్‌ను చూపించి ఆటలో ప్రధానంగా వేరొకటి పెట్టినందుకు, హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ ప్రకటనలు రెండింటిని తప్పుదోవ పట్టించేవిగా తేల్చి 2020లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ నిషేధించింది.

మా పిన్ని దగ్గర నా వాదన చెల్లదని ఇక్కడ చెప్పాలి. ఆవిడ ఏళ్ళ తరబడి మ్యాచ్‌త్రీ ఆడుతోంది, పైసా కట్టలేదు. "లైఫులు అయిపోయాయిరా, ఇక పప్పు పోపు పెట్టుకోవాలి" అని ఫోన్ పక్కన పడేసి లేస్తుంది. అమ్మడానికి పెట్టిన అడ్డును ఆవిడ ఆపడానికి పనికొచ్చే అడ్డుగా మార్చుకుంది. కొన్న ఆటలో అలాంటి అడ్డేదీ ఉండదు. తర్వాతి తలుపు వెనుక ఏముందో చూద్దామని రాత్రి రెండింటిదాకా కూర్చున్న సందర్భాలు నాకు ఉన్నాయి. నిగ్రహం ఉన్నవారికి ఉచిత ఆట నిజంగా ఉచితమే. లేనివారి సంగతే ఆలోచించాలి, ఎందుకంటే యూపీఐ వచ్చాక చిన్న మొత్తాలు జేబులోంచి పోవడం తెలియడం లేదు. చిత్రమేమిటంటే, ఇలా జారిపోయే డబ్బుకు ఎవరూ బాధపడరు, ముందే చెప్పి అడిగే వెలకు మాత్రం కోపం తెచ్చుకుంటారు. 2014లో మాన్యుమెంట్ వ్యాలీ అనే, కొనుక్కుని ఆడే పజిల్ ఆటకు కొత్త అధ్యాయాలు చేర్చి వాటికి విడిగా కొద్దిపాటి వెల పెట్టినప్పుడు, కొందరు అలిగి ఆ ఆటకు ఒక్క నక్షత్రం రేటింగులు ఇచ్చారు.

పరికరం, నెట్, భాష కూడా ఎంపికలో లెక్కకు వస్తాయి. నిలబడి ప్రయాణం చేసే బస్సులో ఒంటి చేత్తో ఆడదగినది మ్యాచ్‌త్రీ ఒక్కటే. ఫోన్ తెర మీద హిడెన్ ఆబ్జెక్ట్ ఆడితే కంటికి శ్రమ. దానికి టాబ్లెట్ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉండాలి. సిగ్నల్ అందని రైలు ప్రయాణానికి ముందే దించుకున్న కొన్న ఆట నిక్షేపంగా పనిచేస్తుంది, క్యాండీ క్రష్ కూడా నెట్ లేకుండా నడుస్తుంది. భాష దగ్గర మాత్రం హిడెన్ ఆబ్జెక్ట్ మనవారిలో చాలామందిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. జాబితా ఇంగ్లీషులో ఉంటుంది, అందులోనూ పాత ఐరోపా ఇళ్ళలోని పనిముట్ల పేర్లు. వస్తువు కళ్ళ ముందే ఉన్నా దాన్నే అడుగుతున్నారని తెలియకపోతే వెతికి లాభమేమిటి? ఆర్టిఫెక్స్ ముండి ఆటలు కొన్నింటిలో వెతుకులాటకు బదులు మాజాంగ్ గానీ డామినో గానీ (రెండూ పలకల ఆటలే) ఆడి ముందుకు సాగే వీలుంది గానీ, కథ మాత్రం ఇంగ్లీషులోనే నడుస్తుంది.

జాబితా చదవడం ఇష్టం లేనివారికి నేను చెప్పే ఆట 2017లో వచ్చిన హిడెన్ ఫోక్స్. అడుగున పేర్ల బదులు బొమ్మలే ఉంటాయి. తెల్ల కాగితం మీద నల్ల గీతలతో చేత్తో వేసిన ఊళ్ళు, అడవులు, కర్మాగారాలు తెర నిండా పరుచుకుంటాయి. డేరా తెరను తాకితే తెరుచుకుంటుంది, పొదను గీకితే తెగుతుంది, మొసలిని పొడిస్తే అరుస్తుంది. ఆ చప్పుళ్ళన్నీ మనుషులు నోటితో చేసినవే. పిల్లలతో కూర్చుని ఆడడానికి దీన్ని మించినది నాకు తెలియదు. వెతకడం కన్నా విప్పడం ఇష్టమైనవారు ఇంగ్లండ్‌లోని ఫైర్‌ప్రూఫ్ గేమ్స్ 2012లో చేసిన ది రూమ్ చూడాలి. ఒక గది, ఒక బల్ల, దాని మీద గొళ్ళాలూ మీటలూ నిండిన పెట్టె ఒకటి. తాళంచెవిని రంధ్రంలో పెట్టి నిజం తాళంలా వేలితో తిప్పాలి. ఈ రెండూ కొనుక్కునే ఆటలే.

మెదడుకు పదును పెడుతుందన్న మాట విని ఏదీ దించుకోవద్దు. అలాంటి మాటలతో తన మెదడు ఆటలకు ప్రచారం చేసుకున్న లుమోసిటీ సంస్థ, తగిన ఆధారాలు లేవన్న అభియోగం మీద 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టి వివాదం తీర్చుకుంది.

ఇక కొనేముందు చేయవలసిన పని ఒకటుంది. కొన్న ఆటలు కూడా స్టోర్‌లో ఉచితమనే కనబడవచ్చు, ఎందుకంటే మొదటి భాగం రుచి చూపించి తక్కిన ఆటకు ఒకేసారి డబ్బు తీసుకునే పద్ధతి హిడెన్ ఆబ్జెక్ట్ తెగలో మామూలు. బిగ్ ఫిష్ అయితే కంప్యూటర్ ఆటలను గంటసేపు ఉచితంగా ఆడనిస్తుంది. ప్లే స్టోర్‌లో ఆట వివరాలు తెరిచి, లోపల అమ్మే సరుకుల ధరలు ఎంత నుంచి ఎంతదాకా ఉన్నాయో చూడండి. ఒకే ధర ఉంటే అది చాలావరకు పూర్తి ఆట వెలే. పదుల రూపాయల దగ్గర మొదలై వేలదాకా పోతే అక్కడ అమ్మేది నాణేలూ ఎనర్జీ అన్నమాట.