ఇంగ్లండ్‌లో అద్దె డిపాజిట్ రక్షణ: మూడేళ్ల తర్వాత మా అనుభవం

హైదరాబాద్‌లో ఇల్లు మారిన ప్రతిసారీ రంగుల పేరు చెప్పి అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె కోసుకునేవారు. అడిగితే "అందరూ ఇచ్చేదేగా అమ్మా" అనేవారు. అందుకే 2021 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో ఫ్లాట్ తీసుకుని 1,384 పౌండ్ల డిపాజిట్ కట్టిన రోజే ఆ డబ్బుకి నీళ్లొదిలేసుకున్నాను. మూడేళ్లుండి ఖాళీ చేశాక చెబుతున్నాను, ఈ దేశంలో అద్దెకుండటంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ డిపాజిట్‌కున్న రక్షణే.

ఇల్లు వెతకడం, వీసా చూపించడం కొత్తగా వచ్చిన వాళ్లందరికీ తెలిసిన పాట్లే. డిపాజిట్ సంగతికే వస్తాను. మా అద్దె నెలకి 1,200. ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే ఐదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదు. తీసుకున్నది 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు డిపాజిట్ రక్షణ స్కీముల్లో ఒకదాంట్లో నమోదు చేసి, ఆ వివరాలు మనకివ్వాలి. 2007 నుంచీ ఉన్న పద్ధతి ఇది. మా డబ్బైతే ఓనర్ దగ్గర కాక స్కీము దగ్గరే ఉంది.

తాళాలిచ్చిన పది రోజులకి ఏజెంటు నుంచి మెయిల్: కార్పెట్‌కి 380, వంటగట్టు మీద మరకకి 180, క్లీనింగ్‌కి 60, మొత్తం 620 కోత. మావారు "పోనీలే, వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకు గొడవ" అన్నారు. నాకూ భయమేసింది. కానీ కిటికీ దగ్గరి ఆ కార్పెట్ మరక మేం చేరేనాటికే ఉంది. చేరేటప్పుడు ఇంటి పరిస్థితి రాసిచ్చే ఇన్వెంటరీలో "బాగుంది" అని రాసుంటే, ఆ వారంలోనే ఫొటోలు పెట్టి బదులు రాశాను. వెతికితే ఆ మెయిల్ దొరికింది. స్కీము దగ్గర వివాదం వేశాం. స్కీము తీర్పు చెప్పడానికి ఓనర్ కూడా ఒప్పుకోవడంతో కోర్టు దాకా పోకుండా అక్కడే తేలింది. మాకు పైసా ఖర్చు కాలేదు. తగువు లేని 764 ముందే ఇచ్చేశారు.

వంటగట్టు మరక మాదే. పులిహోర కలిపిన రోజు పసుపు ఒలికి, ఎంత రుద్దినా పోలేదు. అదే రాశాను.

ఆరు వారాలకి తీర్పొచ్చింది. కార్పెట్‌కి సున్నా. వంటగట్టుకి 70 మాత్రమే, ఎందుకంటే అది ఎప్పటిదో పాతది, పాతదానికి కొత్తదాని ఖరీదు వసూలు చేయకూడదట. ఓవెన్ శుభ్రం చేశామనడానికి మా దగ్గర ఫొటో లేదు, క్లీనింగ్ 60 పోయింది. 490 తిరిగొచ్చాయి. డబ్బుకన్నా నన్ను కదిలించింది ఆ కాగితంలోని తర్కం: డిపాజిట్ అద్దెకున్నవాళ్ల సొమ్ము, కోయాలంటే కారణం నిరూపించాల్సింది ఓనరే. ఇన్నేళ్లూ నిరూపించుకోవాల్సింది మేమే అనుకుంటూ బతికాం.

అయితే ఇదంతా అయ్యేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఈలోగా కొత్త ఇంటి డిపాజిట్‌కి స్నేహితుల దగ్గర చేబదులు తీసుకున్నాం. ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. రీడింగ్‌కి ముందు రెండు నెలలు స్లౌలో ఒకరింట్లో గది తీసుకుని ఉన్నాం, ఓనర్ కుటుంబం కూడా అదే ఇంట్లో. మనవాళ్లే. డిపాజిట్‌గా ఇచ్చిన 300లో కరెంటు బిల్లని 100 ఉంచేసుకున్నారు, బిల్లు చూపించలేదు. ఓనర్ తనుండే ఇంట్లో గది ఇస్తే ఈ రక్షణ వర్తించదని తర్వాత తెలిసింది. చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు చాలామంది మొదట దిగేది అలాంటి గదుల్లోనే. వాళ్లకి నా మెచ్చుకోలు పెద్దగా పనికిరాదు.

మాకు రెండు జీతాలున్నాయి కాబట్టి ఆగగలిగాం, ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసుకోగలిగాం. అవి లేనివాళ్లు 620కే ఒప్పేసుకుని ఉంటే నేను తప్పుపట్టను. ఇప్పుడున్న ఇంట్లో చేరిన సాయంత్రం పెట్టెలు విప్పకముందే ఓవెన్ తలుపు తీసి లోపల ఫొటోలు తీశాను.