ఆపి రాసే కేసా, ఫోన్ ఫోటో చలానానా, స్తంభం మీది కెమెరానా: ఏది మేలు?

హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు. అది అన్యాయమని శ్రీకాకుళంలో బండి నడిపేవాళ్లు పెద్దగా అనరు. కడుపు మండేది వేరే చోట. మనల్ని పక్కకి ఆపి రాస్తుండగానే హెల్మెట్ లేనివాడు ఇంకొకడు ముందునుంచే దర్జాగా వెళ్లిపోతాడు. ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి కేసు రాయడం, ఫోన్‌తో ఫోటో తీసి చలానా వేయడం, స్తంభం మీది కెమెరాతో పట్టుకోవడం: ఈ మూడింటిలో ఏది మేలో తేల్చడానికి అందుకే నేను జరిమానా లెక్క చూడను. ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదిలేయాలి అన్నది ఎవరి చేతిలో ఉందో చూస్తాను.

మొదటిది, అందరికీ తెలిసింది: ఆపి రాయడం. మలుపు తిరగగానే నలుగురు నిలబడి ఉంటారు. ఒకరు చెయ్యి అడ్డం పెడితే ఇంకొకరు తాళం లాగేస్తారు. లైసెన్సు, సీ బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ అడుగుతారు. డిజీలాకర్‌లో చూపించినా అసలు కాగితంతో సమానమేనని 2018లోనే కేంద్రం చెప్పింది. అయినా "ఒరిజినల్ ఏదీ?" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకసారి నాతోపాటు ఆపిన కుర్రాడు ఎవరికో ఫోన్ కలిపి, "మావయ్య మాట్లాడతారంట సార్" అని ఎస్సై గారికి అందించాడు. ఆయన "సరేనండీ, సరేనండీ" అన్నారు. తాళం కుర్రాడి చేతికి వచ్చేసింది. వాడి వెనకే వంకాయల బస్తా కట్టుకున్న టీవీఎస్ మీద ఒక పెద్దాయన ఉన్నాడు. "బాబూ, సంతకెళ్లాల, పొద్దెక్కిపోతంది" అని బతిమాలాడు. ఆయన తరఫున మాట్లాడేవాళ్లెవరూ లేరు. వెయ్యి రాశారు. కూలీనాలీ చేసుకునే ఇంట్లో అది ఒక్క రోజులో వచ్చే డబ్బు కాదు.

ప్రెస్, పోలీస్, అడ్వకేట్ అని స్టిక్కరున్న బండికి చెయ్యే లేవదు. పర్లాకిమిడి వైపు నుంచి ఒడిశా నంబరు కనబడితే మాత్రం వెంటనే లేస్తుంది. మన నంబరు అటు వెళ్తే అక్కడా అదే వరస.

అయితే ఈ తేడా అంతా లంచం వల్లో, పలుకుబడి వల్లో అనుకుంటే పొరపాటు. ఆమదాలవలస స్టేషన్ నుంచి టౌన్‌కి వచ్చే షేర్ ఆటోలు చూడండి. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక ఒకరి ఒళ్లో ఒకరు. మోటారు వాహనాల చట్టం 194ఏ సెక్షన్ ప్రకారం ఎక్కువైన ఒక్కో మనిషికి 200 రూపాయలు జరిమానా. అక్కడితో అయిపోదు. ఎక్కువైనవాళ్లని దింపి, వాళ్లకి వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆ ఆటోని కదలనివ్వకూడదు. మిట్టమధ్యాహ్నం కూలి ఆడవాళ్లని నడిరోడ్డు మీద దింపి వాళ్లకి ఇంకో ఆటో ఎవరు చూడాలి? అదే హెల్మెట్ లేని ఒంటరి బైకు అయితే రెండు నిమిషాల పని. చెయ్యి ఎటు లేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఎండలో గంటలు గంటలు నిలబడే కానిస్టేబుల్ మీద నాకు కోపం లేదు. కానీ ప్రాణాలు పోయే ప్రమాదం ఎక్కువ ఉన్న బండి వెళ్లిపోతోందన్నది మాత్రం నిజం.

రెండోది ఫోన్ ఫోటో. వెనకనుంచి నంబరు ప్లేటుని క్లిక్‌మనిపిస్తారు. తాళం లాగడం లేదు, గదమాయింపు లేదు, అందుకని చాలామంది ఇదే నయమంటారు. నా లెక్కలో మూడింటిలో అధ్వానం ఇదే. ఎవరి బండిని ఫోటో తీయాలన్నది ఇక్కడా ఆ మనిషి ఇష్టమే, పైగా మనం ఒక్క ముక్క చెప్పుకునే వీల్లేదు. ఆసుపత్రికి పరిగెడుతున్నామన్నా వినేవాళ్లు ఎదురుగా ఉండరు. బండి అమ్మేసి పేరు మార్పించని పాత ఓనరుకి చలానా పడుతుంది. మెసేజి ఎప్పుడో వదిలేసిన సిమ్‌కి పోతుంది. బండి అమ్మడానికి వెళ్లిన రోజు తెలుస్తుంది, ఎన్ని పెండింగ్ ఉన్నాయో.

మూడోది స్తంభం మీది కెమెరా. దానికి మావయ్యలు లేరు, స్టిక్కరు చదవదు. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 167ఏ నిబంధన ప్రకారం కెమెరా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి, ఫోటోతోపాటు తేదీ, సమయం, చోటు ఉండాలి. స్పీడు, సిగ్నలు, హెల్మెట్ ఈ మూడింటికీ ఇంతకన్నా సమానమైన పద్ధతి నాకు కనబడలేదు. ప్లేటు వంచేసేవాడు, బురద పూసేవాడు దీన్ని తప్పించుకుంటాడు, నిజమే. వాడి కోసమైనా రోడ్డు మీద మనిషి ఉండాల్సిందే.

మనిషి తప్పనిసరైన పనులు ఇంకా ఉన్నాయి. తాగి నడిపేవాడి నోటి దగ్గర మీటరు పెట్టడం కెమెరా వల్ల కాదు. మొదటిసారి దొరికితేనే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండే నేరం అది. మైనరు పిల్లాడు నడుపుతుంటే తల్లిదండ్రులకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మీసం రాని పిల్లాణ్ని గుర్తుపట్టి ఆపడానికి కన్నున్న మనిషే కావాలి.

కాబట్టి నేనైతే ఇలా పంచుతాను. ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ జంక్షన్, విజయనగరంలో మయూరి జంక్షన్ లాంటి చోట్ల హెల్మెట్, సిగ్నలు కెమెరాకి వదిలేయాలి. అక్కడ మిగిలిన పోలీసులు తాగినవాళ్లు, మైనర్లు, షేర్ ఆటోల మీద ఉండాలి. ఫోన్ ఫోటో ఆపేయాలి. ఆపి రాసే బృందంలో ప్రతి ఒక్కరి ఛాతీ మీదా బాడీ కెమెరా ఉండాలి. ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు, అదే 167ఏ నిబంధన ఒప్పుకున్న పరికరాల్లో బాడీ కెమెరా కూడా ఉంది. అది వెలుగుతుంటే మావయ్య ఫోనూ రికార్డవుతుంది, తాళం లాగిన చెయ్యీ రికార్డవుతుంది, పోలీసు మీద నోరు పారేసుకున్న మనమూ రికార్డవుతాం.

అవి వచ్చేదాకా, ఫోటోనా ఆపడమా అని నన్నడిగితే ఆపడమే ఎంచుకుంటాను. కనీసం ఎదురుగా మనిషి ఉంటాడు, ఏ సెక్షన్ కింద రాస్తున్నారని అడగొచ్చు, చలానా కాగితం చేతికి తీసుకోవచ్చు. "ఐదొందలిచ్చి వెళ్లిపో" అంటే మాత్రం వద్దు, వెయ్యికే రాయమనండి.