టర్కీ మీట్‌బాల్స్: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఫ్రీజర్‌లో కింది అర మూడేళ్లుగా టర్కీ మీట్‌బాల్స్‌కే, అంటే టర్కీ కోడి ఖీమాతో చేసిన ఉండలకే, రాసిచ్చేశాం. అమెరికాలో డాలస్ వచ్చిన కొత్తలో టర్కీ అంటే థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఆఫీసులో పెట్టే పీచుపీచు మాంసం అనుకునేదాన్ని. బాబు స్కూల్లో చేరాక పొద్దున్నే ఏడింటికల్లా బాక్సు సిద్ధం కావాల్సి వచ్చింది. మా ఇంట్లో బీఫ్ తినరు, చికెన్ ముక్కలేమో వాడు నమిలి నమిలి పక్కన పెట్టేస్తాడు. "టర్కీ ఉండలు ట్రై చెయ్యి, కొవ్వు ఉండదు" అని పక్కింటావిడ చెప్పింది. తెచ్చాను. వాడు తిన్నాడు. ఇక అంతే.

ముందే ఉడికించి గడ్డకట్టించిన రకం ఇది. వేడి చేస్తే చాలు. మైక్రోవేవ్‌లో పెడితే రెండు నిమిషాల పని, కానీ రబ్బరులా సాగుతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో పైన కాస్త ఎర్రగా వేగి బాగుంటాయి. రుచి గురించి నాకింతకన్నా చెప్పాలని లేదు. అసలు సంగతి పాకెట్ వెనక ఉంది.

మొదటి ఏడాది నేను వెనక్కి తిప్పి చూడలేదు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ప్రోటీన్ గ్రాములు కనిపిస్తుంటే వెనక ఎవరు చూస్తారు? మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు చూడాల్సి వచ్చింది. ఉల్లిపాయ, టమాటా, గసగసాలు నూరి, ఖీమా ఉండల కూర చేసినట్టే వీటితో కూర వండాను. మామూలుగా వేసే ఉప్పే వేశాను. ఆయన మొదటి ముద్ద తిని "ఇదేంటమ్మా, ఉప్పు రెండుసార్లు పడిందా?" అన్నారు. నిజంగా పడింది. ఒకసారి ఫ్యాక్టరీలో, ఒకసారి మా వంటింట్లో. ఆయన బీపీకి మాత్రలు వేసుకుంటారు. ఆ రాత్రి చెత్తబుట్టలోంచి పాకెట్ తీసి చదివాను.

నేను కొనే రకంలో లెక్క ఇది. ఒక సర్వింగ్ అంటే మూడు ఉండలు, 85 గ్రాములు. అందులో 170 క్యాలరీలు, ప్రోటీన్ 15 గ్రాములు, కొవ్వు 9, పిండిపదార్థం 6, పీచు ఒక గ్రాము, సోడియం 520 మిల్లీగ్రాములు. ఇక్కడి లేబుళ్ల ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి సోడియం పరిమితి 2,300 మిల్లీగ్రాములు, అంటే అటూ ఇటూగా ఒక టీస్పూన్ ఉప్పు. మూడు ఉండలతోనే దాదాపు పావు వంతు అయిపోతుంది. మామయ్యగారు ఆరు తిన్నారు. పక్కన ఆవకాయ ఉండనే ఉంది.

మూడు ఉండలతో ఆగేవాళ్లని మా ఇంట్లో నేనైతే చూడలేదు. మా ఆయన స్పగెట్టీ మీద ఎనిమిది వేసుకుంటారు. సీసాలో వచ్చే టమాటా సాస్‌కి వేరే ఉప్పు ఉంది, మా సీసాలో అర కప్పుకి సోడియం 420 మిల్లీగ్రాములు. ఇవన్నీ కూడితే ఆయన ఒక్క పూటలో రోజు పరిమితిలో మూడొంతులు దాటేస్తున్నారు. పాకెట్ వాళ్లు అబద్ధమేమీ రాయలేదు, లెక్క మా కంచానికి కాకుండా వాళ్ల సర్వింగ్‌కి రాశారంతే.

ప్రోటీన్ సంగతికి వస్తే, 15 గ్రాములు తక్కువేం కాదు, రెండున్నర కోడిగుడ్లతో సమానం. తొమ్మిదేళ్ల పిల్లాడి బాక్సుకి నాకది చాలు. కాకపోతే అదే 85 గ్రాముల ఉడికించిన చికెన్ బ్రెస్ట్‌లో సుమారు 26 గ్రాములుంటుంది, క్యాలరీలు ఇంకా తక్కువ. మిగతా తూకం ఎక్కడికి పోయిందంటే, పదార్థాల జాబితా చెబుతుంది. అమెరికాలో ఆ జాబితా బరువు వరసలో రాయాలి. నా పాకెట్‌లో టర్కీ తర్వాత నీళ్లు, ఆ తర్వాత బ్రెడ్ పొడి, సోయా ప్రోటీన్, చీజ్. బాబు స్నేహితుడికి పాలు పడవు. వాళ్లమ్మ అడిగేదాకా మాంసం ఉండల్లో చీజ్ ఉంటుందని నాకు తట్టనే లేదు.

కొవ్వు విషయంలో పక్కింటావిడ మాట సగమే నిజం. టర్కీ ఖీమాలో రొమ్ము మాంసమే కాకుండా తొడ మాంసం, కొవ్వు, చర్మం కూడా కలపొచ్చు. 99 శాతం లీన్ (అంటే కొవ్వు ఒక్క శాతమే) అని దొరికేది వట్టి రొమ్ము మాంసం, 85 శాతంది జిడ్డుగానే ఉంటుంది. మీట్‌బాల్స్ పాకెట్ మీద ఈ శాతం చాలాసార్లు ఉండదు కాబట్టి కొవ్వు గ్రాములే చూసుకోవాలి. ముందువైపు "హార్మోన్లు కలపలేదు" అని రాసి ఉంటే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అమెరికాలో కోళ్లకీ టర్కీలకీ హార్మోన్లు ఇవ్వడమే నిషేధం. ఆ ముక్క కూడా అదే పాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది.

ఇంత తెలిశాక మానేశామా అంటే లేదు. వారానికి నాలుగు రోజులు వాడేది రెండు రోజులకి తగ్గించాను. నాలుగైదు రకాలు తిప్పి చూసి, సోడియం 340 ఉన్న రకం పట్టాను. చప్పగా ఉంటాయని మా ఆయన గొణిగారు, మిరియాల పొడి చల్లాక గొణుగుడు తగ్గింది. ఇప్పుడు కూరలో ఉప్పు అసలు వెయ్యను, ఉండల్లోంచి దిగిందే సరిపోతుంది. పీచు పెద్దగా లేదు కాబట్టి బాబు బాక్సులో క్యారెట్, బీన్స్ పక్కన పెడుతున్నాను. బీన్స్ రోజూ ఇంటికి తిరిగొస్తున్నాయి.

తీరిక ఉన్న ఆదివారం 93 శాతం లీన్ ఖీమా తెచ్చి, అల్లం వెల్లుల్లి, కొత్తిమీర, ఓట్స్ పొడి కలిపి నేనే ఉండలు చేస్తాను. ముప్ఫై ఉండలకి గంట పడుతుంది. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటరు గుచ్చి చూసుకోవాలి, పచ్చి టర్కీతో అదొక్కటే నాకు టెన్షన్.

ఈ వేసవికి మామయ్యగారు మళ్లీ వస్తున్నారు. ఖీమా రెండు పాకెట్లు తెచ్చి పెట్టాను. ఉప్పు ఎంత వేస్తున్నానో ఆయన కంటపడకుండా వండాలి, చూశారంటే ఇంకో చిటికెడు వెయ్యమంటారు.