రక్తపిశాచి కథల సంకలనమా, ఒక్క పెద్ద నవలా?

నల్గొండలో బస్సెక్కి దేవరకొండలో దిగేలోపు ఒక కథ ముగియాలంటే పలువురు రచయితల సంకలనమే మేలు. 1897 నాటి ‘డ్రాక్యులా’తో ఆ పని కాదు. ఉత్తరాలు, డైరీలు, పేపరు కత్తిరింపులతో నడిచే నవల. కొన్నాళ్లు పక్కన పెడితే ఎవరి డైరీ ఏదో మళ్లీ వెనక్కి తిప్పి చూసుకోవాలి. డ్రాక్యులా కోటకు చేరడం, అక్కడ చిక్కుకోవడంతో సాగే మొదటి నాలుగు అధ్యాయాలు మాత్రం కరెంటు పోయినా సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని మరీ చదివిస్తాయి. నడుమ సాగదీత ఉంది.

సంకలనానికి వేరే తిప్పలు. అట్ట మీదే రక్తపిశాచి అని రాసున్నాక, కథలో కొత్తగా ఎవరొచ్చినా మనకు అనుమానమే. చివర్లో గుట్టు విప్పుదామనుకున్న కథలన్నీ అక్కడే తేలిపోతాయి. అమెరికన్ రచయిత క్రాఫర్డ్ 1905లో రాసిన ‘ఫర్ ది బ్లడ్ ఈజ్ ది లైఫ్’ కథ తేలిపోదు. ఇటలీలో ఓ పాత బురుజు మీద నుంచి చూస్తే, వెన్నెల్లో మట్టిదిబ్బ మీద ఎవరో పడుకున్నట్టు కనిపిస్తుంది. దగ్గరికి పోతే ఏమీ ఉండదు. కానీ అక్కడ నిలబడ్డ మనిషిని ఆ ఆకారం చుట్టుకోవడం బురుజు మీదున్నాయన చూస్తుంటాడు! బావికాడి దెయ్యం కథలు విని పెరిగిన మన పాలమూరోళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది.

లెఫాను రాసిన రక్తపిశాచి కథ ‘కార్మిల్లా’ ఉన్న సంకలనం దొరికితే బేరమాడకుండా కొనండి. ‘డ్రాక్యులా’ కంటే పాతికేళ్లు ముందుది, నా లెక్కలో దానికంటే పైదే. కాకపోతే వరసపెట్టి కథలన్నీ ఒకే రాత్రి చదవొద్దు, భయం పోయి ఆవలింతలొస్తాయి. నవలను దసరా సెలవులకు ఉంచుకోండి.