ఫైబర్ పడవలో ఏ బ్యాటరీ మేలు: సీసమా, లిథియమా?

పడవ బ్యాటరీ గురించి ఎవరినడిగినా ముందు బరువు చెబుతారు, ఆ తర్వాత ధర చెబుతారు. ఈ రెండిటికన్నా ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది: ఒక రాత్రి వేటకు ఎంత కరెంటు కావాలి?

చెన్నై తీరంలోని కాశిమేడు నుంచో ఎన్నూరు నుంచో సాయంత్రం ఆరింటికి బయల్దేరి, మర్నాడు పొద్దున్న ఆరింటికి ఒడ్డుకొచ్చే ఫైబర్ పడవను తీసుకుందాం. కర్రకు కట్టిన ఎల్‌ఈడీ దీపం 0.3 ఆంపియర్లు లాగుతుంది, పన్నెండు గంటలకు 3.6 ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది). వల లాగేటప్పుడు వేసే 10 వాట్ల లైటుకు ఐదు గంటలకు 4. జీపీఎస్‌తో కలిసిన ఫిష్ ఫైండర్ ఒక ఆంపియర్ చొప్పున ఎనిమిది గంటలకు 8. వీహెచ్‌ఎఫ్ రేడియో వింటున్నంతసేపు అర ఆంపియర్ లోపే, మాట్లాడేటప్పుడు మాత్రం 5 దాకా లాగుతుంది. రాత్రి మొత్తానికి 6 వేసుకోవాలి. రెండు ఫోన్ల చార్జింగుకు 4. నీళ్ళు తోడే చిన్న పంపు ఇరవై నిమిషాలు నడిస్తే ఒకటికి లోపే. అన్నీ కూడితే 26 ఏహెచ్ పైచిలుకు. మీ పడవలో ఏవి లేవో అవి తీసేయండి, ఏవి ఎక్కువున్నాయో అవి కలపండి. ఈ అంకె లేకుండా దుకాణానికి వెళితే వాళ్ళ దగ్గర ఏది మిగిలి ఉందో అదే మీకు సరిపోతుందంటారు.

కారు బ్యాటరీని మొదటే పక్కన పెట్టేయొచ్చు. ఇంజిను స్టార్టు చేయడానికి కొద్ది సెకన్లపాటు వందలకొద్దీ ఆంపియర్లు ఇచ్చేలా పలచని పలకలతో దాన్ని చేస్తారు. రాత్రంతా కొంచెం కొంచెంగా లాగి అడుగంటిస్తే పలకల మీది పదార్థం రాలి కింద పేరుకుంటుంది, ఒక్క సీజను కూడా సరిగా రాదు. పైగా అలలకు ఒరిగినప్పుడు యాసిడ్ ఒలుకుతుంది. లోపలికి సముద్రపు నీరు చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది. చవక అని దీన్ని పడవెక్కించొద్దు.

ఇక అసలు పోటీ సీల్ చేసిన, నీళ్ళు పోయనక్కర్లేని సీసం బ్యాటరీకి (ఎస్‌ఎంఎఫ్), లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మధ్య. దుకాణాల్లో రెండోదాన్ని ఎల్‌ఎఫ్‌పీ అంటారు.

సీసం బ్యాటరీ మీద రాసిన ఏహెచ్‌లో సగమే మనది అనుకోవాలి. అంతకు మించి రోజూ వాడితే ఆయుష్షు వేగంగా పడిపోతుంది. 26 కావాలంటే కనీసం 52 ఉండాలి. పాతబడ్డాక తగ్గే శక్తిని కూడా కలుపుకుంటే 65 ఏహెచ్ కొనాలి. అది ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఎల్‌ఎఫ్‌పీలో ఎనభై శాతం వరకు ధైర్యంగా వాడుకోవచ్చు కాబట్టి 40 ఏహెచ్ చాలు, సుమారు ఐదు కిలోలు. రోజూ ఇసుకలో పడవ దిగి, బ్యాటరీని భుజాన పెట్టుకుని ఇంటిదాకా మోసే మనిషికి ఈ పదిహేను కిలోల తేడా చిన్నదేమీ కాదు.

అయినా ఎల్‌ఎఫ్‌పీ గెలిచేది ముఖ్యంగా బరువు దగ్గర కాదు, చార్జింగు దగ్గర. సీసం బ్యాటరీ ఖాళీ అయినప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే పూర్తిగా చార్జి చేస్తే కరిగిపోతుంది. సగంలో వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, ఇక ఎంత చార్జి చేసినా పోదు. పూర్తి చార్జికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఎనభై శాతం వరకు తొందరగానే ఎక్కుతుంది, చివరి ఇరవై శాతమే గంటలకొద్దీ నాన్చుతుంది. పొద్దున్న చేపలు అమ్మి, వల బాగుచేసుకుని, కాస్త కునుకు తీసి సాయంత్రం మళ్ళీ కడలికి వెళ్ళే పడవలో ఆ చివరి ఇరవై శాతం ఎప్పుడూ ఎక్కదు. మధ్యలో కరెంటు పోతే చెప్పనే అక్కర్లేదు. అందుకే రెండు మూడేళ్ళు రావాల్సిన మంచి ఎస్‌ఎంఎఫ్ కూడా పడవలో ఏడాదికే చతికిలబడుతుంది. నెపం బ్యాటరీ మీదికి పోతుంది గానీ, దాన్ని చంపింది ఆ రోజువారీ సగం చార్జింగే. చెన్నై ఎండ కూడా తోడవుతుంది: 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

ఎల్‌ఎఫ్‌పీకి సగంలో ఉండటం వల్ల నష్టం లేదు, నిజానికి అదే దానికి హాయి. 10 ఆంపియర్ల చార్జరు పెడితే 40 ఏహెచ్ బ్యాటరీ మూడున్నర, నాలుగు గంటల్లో నిండుతుంది. రెండు గంటలే దొరికితే ఎక్కినంత వరకూ ఎక్కించుకుని వెళ్ళొచ్చు. సగం వరకు వాడే ఎస్‌ఎంఎఫ్ 300 నుంచి 500 సార్లు పనిచేస్తే, మంచి ఎల్‌ఎఫ్‌పీ ఎనభై శాతం వాడినా 2000 సార్లు దాటుతుంది. ఏడాదికి రెండు వందల రాత్రుల వేట అనుకుంటే కాగితం మీద పదేళ్ళు. పడవలో అన్నేళ్ళు నమ్ముకోవద్దు, సెల్స్ అరిగేలోపే ఉప్పు గాలి లోపలి సర్క్యూటును తినేయగలదు. అయినా రెండు మూడు రెట్లు ఎక్కువున్న ధరను తిరిగి రాబట్టడానికి అందులో సగం ఏళ్ళు చాలు.

దీని చెడ్డ గుణం ఒకటుంది, కొనేముందే తెలిసి ఉండాలి. సీసం బ్యాటరీ అయిపోవస్తుంటే లైటు మందగించి ముందే చెబుతుంది. విశ్రాంతిలో 12.7 వోల్టులుంటే నిండు, 12.1 దగ్గర సగం అని మీటరుతో తెలుసుకోవచ్చు. ఎల్‌ఎఫ్‌పీ దాదాపు చివరిదాకా 13 వోల్టుల చుట్టూనే నిలబడి, ఆ తర్వాత దభాలున పడిపోతుంది. లోపలున్న బీఎంఎస్ సర్క్యూటు సెల్స్‌ను కాపాడటానికి కరెంటును తెగ్గొట్టేస్తుంది. దీపం, రేడియో, జీపీఎస్ అన్నీ ఒకేసారి పోతాయి. చీకట్లో, పెద్ద ఓడలు తిరిగే దారిలో అది ప్రాణాపాయం. కాబట్టి వోల్టు మీటరును నమ్మకుండా, వెళ్ళిన ఆంపియర్లను లెక్కగట్టే షంట్ మీటరు పెట్టాలి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్‌లో ఇలాంటివి వెతకొచ్చు. దానితోపాటు కర్ర దీపానికి విడిగా చిన్న 7 ఏహెచ్ ఎస్‌ఎంఎఫ్ ఒకటి నిండుగా చార్జి చేసి పడవలో ఉంచాలి. రెండు కిలోల పైచిలుకు బరువే, దానికి లోభపడొద్దు.

లిథియం అన్న పేరుతో ఇంకో రకం కూడా అమ్ముతారు: ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్, ముఖ్యంగా పాత స్కూటర్ల ప్యాకులు విప్పి మళ్ళీ కట్టినవి. ఇవి ఎల్‌ఎఫ్‌పీ కన్నా తేలిక, ధర కూడా తక్కువ చెబుతారు. పడవకు వద్దు. మూడు సెల్స్ వరుస 12.6 వోల్టుల నుంచి 9 దాకా దిగుతుంది, సగం దారిలోనే రేడియో మొరాయిస్తుంది. నాలుగు సెల్స్ వరుస నిండుగా ఉన్నప్పుడు 16.8 వోల్టులు, 12 వోల్టుల పరికరాలను కాల్చేయగలదు. వేడెక్కి అంటుకుంటే సెల్ లోపలి నుంచే ఆక్సిజన్ వస్తుంది కాబట్టి మంట ఆగదు, పక్కనే పెట్రోలు డబ్బా ఉంటుంది. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ గట్టిగా బంధించి ఉంటుంది, తేలిగ్గా విడిపోదు. 1990ల్లో ఈ పదార్థాన్ని బ్యాటరీకి పనికొస్తుందని చూపింది టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం. లిథియం బ్యాటరీల మీది కృషికి ఆయనకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

కొనేటప్పుడు తూకం వేయించండి. 40 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ అని చెప్పి నాలుగు కిలోలు కూడా లేకపోతే లోపల సెల్స్ తక్కువున్నాయని అనుమానించాలి. నిండా చార్జి చేసి 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించండి: తొమ్మిది గంటల దగ్గర ఆరిపోతే సరుకు నిజం, ఆరు గంటలకే ఆరితే వెనక్కి ఇచ్చేయండి. ఈ పరీక్షకు ఒప్పుకోని చోట కొనొద్దు.

చార్జరు 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగే ఎల్‌ఎఫ్‌పీ చార్జరే కావాలి. ఇంట్లో ఉన్న సీసం చార్జరులో పాత బ్యాటరీలను బతికించే పల్స్ విధానం ఉంటే అది 15 దాటించి బీఎంఎస్‌ను పదేపదే తెగేలా చేస్తుంది. అవుట్‌బోర్డ్ ఇంజిను నుంచి నేరుగా చార్జి చేయడం ఇంకా చెడ్డది. రెగ్యులేటరు లేని కాయిల్ వేగం పెరిగితే వోల్టేజిని ఎగదోస్తుంది. బ్యాటరీ నిండి బీఎంఎస్ తెగిన క్షణాన ఆ దెబ్బంతా ఫిష్ ఫైండర్ మీద పడుతుంది. తాడు లాగి స్టార్టు చేసే ఇంజినైతే ఒడ్డు మీద చార్జి చేసుకోవడమే మేలు. సెల్ఫ్ స్టార్టు ఉన్న ఇంజినుకు దాని సొంత సీసం బ్యాటరీని అలాగే ఉంచి, అక్కణ్ణుంచి డీసీ-డీసీ చార్జరు (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదాన్ని సరైన వోల్టేజిలో నింపేది) ద్వారా ఎల్‌ఎఫ్‌పీకి ఇవ్వాలి. స్టార్టరు లాగే వంద ఆంపియర్లను చిన్న ఎల్‌ఎఫ్‌పీ మీద వేయొద్దు.

బిగించడంలో లోపాల వల్లే ఎక్కువ బ్యాటరీలు పాడవుతాయి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలో, పడవ అడుగున నిలిచే నీటికి కనీసం జానెడు ఎత్తులో, పెట్రోలుకు దూరంగా, పట్టీతో కట్టి ఉంచాలి. ఎస్‌ఎంఎఫ్ అయితే పెట్టెకు పైన గాలి రంధ్రం ఉండాలి, ఎక్కువ చార్జి అయితే హైడ్రోజన్ వస్తుంది. ప్లస్ టెర్మినల్‌కు జానెడు లోపలే 20 ఆంపియర్ల ఫ్యూజు. వైరు తగరం పూత ఉన్న రాగిది, 6 చదరపు మిల్లీమీటర్లు. సన్న వైరు వేస్తే రేడియోలో మాట్లాడే క్షణంలోనే వోల్టేజి పడిపోతుంది. వైరు మెలిపెట్టి టేపు చుడితే ఒక్క వానాకాలంలో పచ్చగా చిలుము పడుతుంది. వైరు కొసకు లగ్గు (లోహపు తొడుగు) నొక్కించి, స్టీలు బోల్టుతో బిగించి, వాసెలిన్ పూయాలి.

కర్ర దీపం, ఒక ఫోను తప్ప ఏమీ లేని చిన్న తెప్పకు ఎల్‌ఎఫ్‌పీ ఖర్చు అనవసరం. 12 ఏహెచ్ ఎస్‌ఎంఎఫ్ సరిపోతుంది, పాతదాన్ని సీసం ధరకు దుకాణంలోనే మార్చుకోవచ్చు. దీనికి పూర్తిగా ఎదురు కొస పులికాట్ సరస్సులో విద్యుత్ మోటారుతో నడిచే పడవ. చిన్న మోటారే పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగుతుంది. అంత వేగంగా లాగితే 100 ఏహెచ్ సీసం బ్యాటరీ తన పేరుకు తగినంత ఇవ్వదు. అక్కడ 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ, 100 ఆంపియర్ల బీఎంఎస్‌తో, పన్నెండు కిలోల దగ్గర వచ్చేదే దారి.

మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. చిన్న పడవలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను హెచ్చరికలకు ఒడ్డునే ఉండిపోతాయి. ఆ రోజుల్లో ఎస్‌ఎంఎఫ్‌ను నిండా చార్జి చేసి, నెలకోసారి మళ్ళీ నింపాలి. ఎల్‌ఎఫ్‌పీని సగం చార్జిలో, వైర్లన్నీ విప్పి, ఇంట్లో నీడపట్టున ఉంచి రెండు నెలలకోసారి చూస్తే చాలు. వైర్లు విప్పకుండా పడవలోనే వదిలేస్తే ఆపినట్టు కనిపించే జీపీఎస్ కూడా కొద్దికొద్దిగా లాగి, బీఎంఎస్ తెగేదాకా తెస్తుంది. అలా నిద్రపోయిన బ్యాటరీని మామూలు చార్జరు గుర్తుపట్టకపోవచ్చు. తిరిగి లేపే సౌకర్యం ఉన్న చార్జరుకే అది లేస్తుంది, చార్జరు కొనే రోజే ఆ మాట అడిగి తీసుకోండి.