టిబెట్ వైద్యం కోసం బైలకుప్పె వెళ్ళాలా, ధర్మశాల వెళ్ళాలా? అమ్మతో రెండూ తిరిగొచ్చాక రాస్తున్నా

టిబెటన్ మందుల కోసం ఎక్కడికి వెళ్ళాలి అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, ముఖ్యంగా నిద్రపట్టకపోవడం, కీళ్ళ నొప్పులు, ఏళ్ళ తరబడి గ్యాస్ ఇలాంటివి ఉన్న పెద్దవాళ్ళ పిల్లలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేబదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తాను, మన తెలుగువాళ్ళకి వైద్యం కోసమైతే కర్ణాటకలోని బైలకుప్పె, ఆ వైద్యం ఏంటో కళ్ళారా చూసి తెలుసుకోవాలంటే హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల. ఎందుకంటే ఇది ఒకసారి చూపించుకుని వచ్చేసే వైద్యం కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, పెద్దవాళ్ళని ఢిల్లీ దాటించి కొండ ఎక్కించడం ఎన్నిసార్లు కుదురుతుంది చెప్పండి.

అమ్మకి ఈ వైద్యం మీద గురి కుదిరింది మాత్రం అమరావతిలోనే. 2006 జనవరిలో దలైలామా గారు అక్కడ కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం చేసినప్పుడు ఎక్కడెక్కడి టిబెటన్లో వేలల్లో వచ్చారు కదా, అమ్మ రోజూ వెళ్ళి చూసొచ్చేది. బుద్ధుడు కాలచక్ర బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి దగ్గరే అని వాళ్ళ నమ్మకం. ఆ ముసలివాళ్ళ ఓర్పు, భక్తి అమ్మ ఇప్పటికీ చెప్తూనే ఉంటుంది. అందుకే టిబెటన్ డాక్టర్ దగ్గరికి వెళ్దామమ్మా అనగానే ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా బయల్దేరింది, అదే మామూలు హాస్పిటల్ అంటే ససేమిరా అంటుంది.

బైలకుప్పె దారి సులువే. బెంగళూరు నుంచి మైసూరు మీదుగా కుశాల్‌నగర్ వెళ్ళే బస్సు ఎక్కితే చాలు, మైసూరు నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. 1960ల మొదట్లో అప్పటి మైసూరు రాష్ట్రం భూమి ఇస్తే టిబెట్ శరణార్థులు అడవి కొట్టుకుని కట్టుకున్న క్యాంపులు ఇవి, ఇప్పుడు చూస్తే మొక్కజొన్న చేలు, మధ్యలో మఠాలు, రంగురంగుల జెండాలు. అందరూ నామ్‌డ్రోలింగ్ మఠంలో బంగారు విగ్రహాలు చూసి ఫోటోలు దిగి కూర్గ్ వెళ్ళిపోతారు, పక్కనే ఇంత మంచి వైద్యం ఉందని చాలామందికి తెలియదు. ధర్మశాలలో హెడ్డాఫీసు ఉన్న మెన్ త్సీ ఖాంగ్ అనే టిబెటన్ వైద్య సంస్థ బ్రాంచి క్లినిక్ ఇక్కడ ఉంది.

బస కుశాల్‌నగర్‌లో తీసుకోండి. మఠం చుట్టుపక్కల గెస్ట్‌హౌస్‌లు శుభ్రంగానే ఉంటాయి, రాత్రిళ్ళు భలే ప్రశాంతం, కానీ మా అమ్మలాంటి వాళ్ళకి పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం సాంబారు పడాలి, అది కుశాల్‌నగర్‌లోనే సులువు. మేం బస్టాండ్ దగ్గర మామూలు లాడ్జిలో గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ అడిగి తీసుకున్నాం, వేడినీళ్ళు పొద్దున కాసేపే వచ్చేవి కానీ అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. అక్కడి నుంచి క్యాంపుకి ఆటోలు దొరుకుతాయి, తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటో మాట్లాడుకుంటే మేలు.

క్లినిక్ చిన్నదే, హడావిడి ఏమీ ఉండదు. చుపా (టిబెటన్ ఆడవాళ్ళ పొడుగు గౌను) కట్టుకున్న లేడీ డాక్టర్ గారు అమ్మని "రండి అమా లా" (అమ్మగారూ అని) పిలిచి కూర్చోబెట్టి, కాసేపు ఊపిరి సర్దుకోనిచ్చి అప్పుడు చెయ్యి పట్టుకున్నారు. నాడి చూసే పద్ధతి నేను దగ్గరగా కూర్చుని గమనించాను. మణికట్టు దగ్గర మూడు వేళ్ళు వరసగా పెడతారు, చూపుడు వేలు చర్మం మీద ఆనినట్టు, మధ్య వేలు కండ దాకా, ఉంగరం వేలు ఎముక తగిలే దాకా నొక్కినట్టు. ఒక్కో వేలి కొసలో ఒక పక్క ఒక అవయవం, ఇంకో పక్క ఇంకోటి, అలా రెండు చేతులకీ కలిపి గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, కిడ్నీలు అన్నీ చదువుతారన్నమాట. మగవాళ్ళకి ఎడమ చెయ్యి ముందు, ఆడవాళ్ళకి కుడి చెయ్యి ముందు చూడటం ఆచారం. చాలాసేపు కళ్ళు దించుకుని అలాగే ఉన్నారు, గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు, మన దగ్గర రెండు నిమిషాల్లో చీటీ రాసిచ్చే చోట్లు చూసిన నాకు అదే పెద్ద ఊరట.

తర్వాత మూత్రం. పొద్దున లేవగానే వచ్చిన మొదటిది సీసాలో తెమ్మన్నారు, దాన్ని తెల్ల కప్పులో పోసి సన్న పుల్లలతో గిలకొట్టి నురగ చూస్తారు. రంగు, ఆవిరి, వాసన, బుడగలు పెద్దవా చిన్నవా, ఎంతసేపు నిలిచాయి, ఇవన్నీ లెక్కే. నీళ్ళలా పల్చగా ఉండి పెద్ద బుడగలు వస్తే లుంగ్ గుణం, ఎరుపు పసుపు కలిసి ఘాటు వాసన, ఎక్కువ ఆవిరి ఉంటే త్రిపా, తెల్లగా ఉండి నురగ ఉమ్మిలా ఉంటే బేకెన్. మన వాతం, పిత్తం, కఫానికి దగ్గరగా ఉండేవే ఇవి, వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం 11వ శతాబ్దంలోనే టిబెటన్ భాషలోకి వెళ్ళింది కాబట్టి చుట్టరికం ఉంది. కాకపోతే అచ్చంగా ఆయుర్వేదమే అనుకోకండి, ఈ నాడి, మూత్రం చూసే పద్ధతిలో చైనా, పర్షియా వైపు నుంచి వచ్చిన జ్ఞానం కూడా కలిసింది.

నాడి పట్టుకుని జబ్బు పేరు చెప్పేస్తారు అనే ప్రచారం నమ్మి వెళ్ళొద్దు. ఈవిడ ప్రశ్నలు చాలా అడిగారు, కాఫీ ఎన్నిసార్లు, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఒంటరిగా ఉంటారా, ఉపవాసాలు చేస్తారా. మా ల్యాబ్ రిపోర్టులు కూడా తీసుకుని చూశారు, బీపీ మాత్ర ఆపొద్దని గట్టిగా చెప్పారు, ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. అమ్మది లుంగ్ చెదిరిన బాధ అని తేల్చి ముందు తిండి గురించి మొదలుపెట్టారు. ఈ వైద్యంలో వరసే అది, ముందు ఆహారం, తర్వాత నడవడిక, ఆ తర్వాతే మందు, అన్నిటికన్నా చివర్న కప్పింగ్ (ఒంటికి కప్పులు అంటించి లాగడం), మోక్సా (మూలిక కాల్చి ఆ వేడి తగిలించడం) లాంటి, ఒంటి పైనుంచి చేసే చికిత్సలు. చల్లటివి, పచ్చివి వద్దు, మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, వేడన్నంలో నెయ్యి, వెల్లుల్లి, సూప్, ఒంటికి గోరువెచ్చని నువ్వుల నూనె, ఇష్టమైన వాళ్ళతో కూర్చుని కబుర్లు. కబుర్లు కూడా చికిత్సలో భాగమేనట, వాళ్ళ శాస్త్రంలోనే రాసుంది. ఖాళీ కడుపుతో ఉంటే లుంగ్ పెరుగుతుంది, ఉపవాసాలు మానమన్నారు. కార్తీక సోమవారాలు ఎలా మానేదని అమ్మ అడిగితే, ఆవిడ విసుక్కోకుండా, పూజ మానొద్దు, వేడి పాలు తాగి చేసుకోండి అని సర్దిచెప్పారు.

మందులు ముదురు గోధుమ రంగు గుండ్రటి గోలీలు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేరువేరు పొట్లాలు. గట్టిగా ఉంటాయి, నలగ్గొట్టి వేడినీళ్ళతో మింగాలి, ఆ చేదు ముందు కాకరకాయ ఏపాటి! అమ్మకి ఇచ్చిన వాటిలో ఒకటి అగర్ 35, అగరు చెక్క ముఖ్యంగా 35 దినుసులు కలిపి చేసేది, లుంగ్‌కి బాగా పేరున్న మందు. ఫీజు, మందులు కలిపి మాకు భారం అనిపించలేదు. ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను, కొన్ని నెలలకి అమ్మ నిద్ర బాగుపడింది, కడుపుబ్బరం తగ్గింది, మోకాళ్ళు మాత్రం పెద్దగా మారలేదు. నిద్ర బాగుపడటంలో మందు పాత్ర ఎంత, కాఫీ తగ్గించి రాత్రి వేడిగా తినడం పాత్ర ఎంత అంటే విడదీసి చెప్పలేం, డాక్టర్ గారి దృష్టిలో రెండూ ఒకే చికిత్స.

ఇక ధర్మశాల. ఢిల్లీ నుంచి రాత్రి బస్సు, పొద్దునకి దింపుతుంది, మలుపులకి అమ్మకి వాంతులయ్యాయి కాబట్టి పెద్దవాళ్ళతో అయితే పఠాన్‌కోట్ దాకా ట్రైన్‌లో వెళ్ళి అక్కడి నుంచి టాక్సీ నయం. ధర్మశాల పైభాగంలో టిబెటన్లు ఎక్కువగా ఉండే మెక్లియోడ్‌గంజ్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌కి రోడ్డు నుంచి కిందికి బోలెడు మెట్లు, బుకింగ్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు, గీజర్ పనిచెయ్యలేదు, అడిగితే రేపు రేపు అన్నారు. కిటికీలోంచి మంచుకొండలు కనిపిస్తాయి నిజమే, కానీ మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ముందు మెట్లు లేని గది కావాలి. ఫోన్ చేసి రోడ్డు లెవెల్లో ఉందా అని అడిగాకే డబ్బు కట్టండి. జూలై, ఆగస్టు వానలు విపరీతం, అక్టోబర్ హాయిగా ఉంటుంది.

మెన్ త్సీ ఖాంగ్ ఉండేది మెక్లియోడ్‌గంజ్‌కీ కింది బజారుకీ మధ్యలో, గాంగ్‌చెన్ కీషోంగ్ అనే చోట. 13వ దలైలామా 1916లో టిబెట్ రాజధాని లాసాలో పెట్టిన సంస్థ, ఇప్పటి దలైలామా 1961లో ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. అంతకన్నా పాతది లాసాలోని చగ్‌పోరి వైద్య కళాశాల, 1696 నాటిది, 1959లో ధ్వంసమైపోయింది, ఆ పేరుతోనే 1992లో డార్జిలింగ్‌లో మళ్ళీ మొదలైంది. ఊరు పోయి, బడి పోయి, పుస్తకాలు వీపున మోసుకుని వచ్చిన వాళ్ళు దీన్ని బతికించుకున్నారంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది నాకు. అక్కడి మ్యూజియం తప్పకుండా చూడండి, తొందరపడకుండా చూడండి. వాళ్ళ మూలగ్రంథం గ్యూషి, 156 అధ్యాయాలు, ఆ సారాన్ని చెట్టు బొమ్మగా గీస్తారు, 3 వేళ్ళు, 9 కాండాలు, 47 కొమ్మలు, 224 ఆకులు, రోగం ఎలా పుడుతుంది, ఎలా గుర్తించాలి, ఎలా నయం చెయ్యాలి అంతా ఆ చెట్టు మీదే.

దినుసుల దగ్గర అమ్మ కదల్లేదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ ఉన్నాయి, మన త్రిఫల! వైద్య బుద్ధుడు నీలం రంగులో ఉంటాడు, ఆయన చేతిలో ఉండేది కరక్కాయ కొమ్మే. జాజికాయ గుండెకి, లవంగం ప్రాణనాడికి, కుంకుమపువ్వు కాలేయానికి, వెదురుప్పు ఊపిరితిత్తులకి, నల్ల యాలకలు ప్లీహానికి, మామూలు యాలకలు కిడ్నీలకి అని ఆరు శ్రేష్ఠమైన మందులుగా చెప్తారు. అమ్మ ఒక్కోదాని ముందు ఆగి వాళ్ళ నాయనమ్మ దేనికి ఏం వాడేదో నాకు చెప్తూ వచ్చింది, నాకు తెలియని విషయాలే అన్నీ.

డాక్టర్లు ఇక్కడా మంచివాళ్ళే, కానీ సీజన్‌లో జనం ఎక్కువ, మాకు దొరికిన టైమ్ బైలకుప్పెలో కన్నా తక్కువ. బజార్లో టిబెటన్ థెరపీ అని బోర్డు పెట్టిన ఒక చోట హోర్మే చేస్తామంటే అమ్మని తీసుకెళ్ళాను. అసలు పద్ధతిలో దినుసులు గుడ్డలో మూటకట్టి వేడి నూనెలో ముంచి అరచేతులు, పాదాలు, మాడు ఇలాంటి చోట్ల మెల్లగా అద్దాలి, అక్కడేమో మామూలు మసాజ్ చేసి పెద్ద బిల్లు ఇచ్చారు. 2010లో మన ప్రభుత్వం ఈ వైద్యాన్ని అధికారికంగా గుర్తించింది, కాబట్టి చదువుకున్న డాక్టరేనా, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మన ఊళ్ళలో రోడ్డు పక్కన డేరా వేసి హిమాలయ మూలికలు అమ్మేవాళ్ళకీ ఈ వైద్యానికీ ఏ సంబంధం లేదు.

పట్టుగుడ్డలో చుట్టి దారం కట్టిన రిన్‌చెన్ గోలీలు అని ఉంటాయి, విలువైన లోహాలు, రాళ్ళు కలిసినవి, కొన్నింట్లో శుద్ధి చేసిన పాదరసం కూడా వాడతారు. చూడ్డానికి అందంగా ఉన్నాయని చుట్టాలకి పంచడానికి కొనకండి, డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పండి. క్యాన్సర్, గుండె జబ్బు లాంటివైతే జరుగుతున్న చికిత్స ఆపి ఇటు రావొద్దు, మా డాక్టర్ గారు కూడా అదే అన్నారు.

వెళ్ళే ముందు ఫోన్ చేసి క్లినిక్ తెరిచి ఉందో లేదో కనుక్కోండి, ఫిబ్రవరి మార్చి మధ్యలో వాళ్ళ కొత్త సంవత్సరం లోసార్ వస్తుంది, అప్పుడు సెలవులు. ముందు రోజు మాంసం, మద్యం, అతి కారం వద్దు, సరిగ్గా నిద్రపోయి పరగడుపున వెళ్తే నాడి బాగా తెలుస్తుందంటారు. వాడుతున్న ఇంగ్లీషు మందుల పేర్లన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి, శాంపిల్‌కి మూత గట్టిగా ఉన్న శుభ్రమైన సీసా పెట్టుకోండి, ఇచ్చిన గోలీలు అయిపోకముందే మిగతావి పార్సిల్‌లో పంపుతారా అని అక్కడే అడిగి నంబర్ తీసుకోండి.