పాలమూరు ఎండకు ఆన్‌లైన్ బర్డ్ ఫీడర్ ఆగుతదా? ఒక ఎండకాలం, ఒక వానకాలం వాడినంక రాస్తున్న రివ్యూ

ముందుగాలనే చెప్పేస్త, ఫీడర్‌కు, అంటే పిట్టలకు గింజలు పోసి వేలాడదీసే డబ్బాకు, ఐదుకు మూడున్నర, దాని పక్కన నీళ్ళకు పెట్టిన మట్టి చిప్పకు ఐదుకు ఐదు. జర పొడుగైంది గాని పిట్టలంటే పానం పెట్టేటోళ్ళు, ఇంటెనక ఏదన్న పెడదామని చూస్తున్నోళ్ళు మొత్తం చదవండి. ఆన్‌లైన్‌ల ఈ ఫీడర్ల కింద ఉండే రివ్యూలన్నీ డెలివరీ తొందరగ వచ్చింది, కలర్ మంచిగుంది, ప్యాకింగ్ బాగుంది అనే ఉంటయ్, అసలు పిట్టలు వచ్చినయా, ఏమేం వచ్చినయ్, వాన పడితే గింజలు ఏమైతయ్, ఏప్రిల్ మే ఎండకు ప్లాస్టిక్ ఏమైతది అని ఎవ్వరు రాయరు, నేను కొననీకి ముందు అదే వెతికిన, దొరకలే.

మాది మహబూబ్‌నగర్, ఏనుగొండ దిక్కు. ఇంటెనక కొంచెం జాగ ఉంది, వేపచెట్టు ఒకటి, జామ ఒకటి, గోడ పొంటి మందారం, మూలకు మునగ. తీస్కున్నది వేలాడదీసే రకం, మధ్యల గింజలు కనపడే ప్లాస్టిక్ డబ్బా, పైన వాన పడకుండ వెడల్పు మూత, కింద పళ్ళెం, పిట్టలు కాళ్ళు ఆనించనీకి చుట్టూ పొట్టి పుల్లలు. 350 రూపాయలకు జర అటిటు. అరకిలో దాక గింజలు పడతయ్, కింద తింటాంటే పైనవి వాటంతట అవే జారుతయ్. ఆ పుల్లలు పొట్టిగ ఉండుడే దీంట్ల నాకు బాగ నచ్చింది, పిచ్చుకలు, జీనువాయిలు మంచిగ కూసుంటయ్, పావురానికి మాత్రం కాళ్ళు ఆనవు, రెక్కలు కొట్టుకొని పోతది. మీకు తెల్వంది కాదు, పావురాలు ఒక్కసారి మరిగితే ఇంకో పిట్టను దగ్గరికి రానియ్యవు, వాటి రెట్ట ఎండి దుమ్మైతే ఊపిరితిత్తులకు కూడ మంచిది కాదు, అందుకే ఫీడర్ కొనేటప్పుడు వెడల్పు పళ్ళెం ఉన్నది కాకుండ పొట్టి పుల్లలది చూడండి.

గింజల సంగతి. బర్డ్ సీడ్ మిక్స్ అని ప్యాకెట్లు అమ్ముతరు, కిలోకు మస్తు రేటు, అండ్ల ఉండేది కొర్రలు, సజ్జలు, జొన్నలు, సన్‌ఫ్లవర్ గింజలు అంతే. పాలమూరోళ్ళం మనం జొన్నలు సజ్జలు ప్యాకెట్ల కొనుక్కుంటమా? కిరాణం దుకాణంల కొర్రలు, సజ్జలు, నూకలు తెచ్చి కలుపుకుంటే అదే మిక్స్, పైంగ తాజాగ ఉంటది. పల్లీలు పెడితే ఉప్పు లేనియి, బూజు వాసన లేనియి పెట్టాలె, బూజు పట్టిన పల్లీల విషం మనకే మంచిది కాదు, ఇగ చారెడు లేని పిట్టకు ఏం మంచిగైతది. మిగిలిన బిర్యానీ, కారం మిక్చర్, బ్రెడ్డు అసలే వద్దు.

కట్టినంక కొన్ని రోజులు ఏది దగ్గరికి రాలే, కొత్త వస్తువంటే వాటికి అనుమానం, వేపకొమ్మ మీద కూసుండి చూసుడే. ముందు పిచ్చుకలే ధైర్యం చేసినయ్. నల్ల గొంతు ఉన్నది మగది, ఆడది మట్టి రంగుల సాదాగ ఉంటది, అమ్మకు ఇది చెప్తే ఇన్నేండ్లు చూస్తున్న గాని గింత గమనించలే అన్నది, ఇప్పుడు పొద్దుగాల చాయ్ తాగుకుంట ఆమెనే నాకు లెక్క చెప్తది. తర్వాత జీనువాయిల గుంపు, వెండి రంగు ముక్కుది, ఇంగ్లీషుల సిల్వర్‌బిల్ అంటరు, మన దిక్కు మెట్ట చేన్లల్ల, ముండ్ల చెట్లల్ల బాగ తిరిగే పిట్ట. గువ్వలు ఫీడర్ ఎక్కవు, కింద రాలినవి ఏరుకుంటయ్, అందుకే కింద నేల మీద కొన్ని జొన్నలు విడిగ చల్లుత. రామచిలుక వస్తే మాత్రం ఫీడర్ మొత్తం ఒక పక్కకు ఒరుగుతది, సగం గింజలు కిందికే పోతయ్. చిలుకకు జామకాయ ఉండనే ఉంది కదా, చెట్టుకు పండినవి అన్నీ తెంపకుండ నాలుగు ఉంచితే చాలు. ఉడుత పళ్ళెం అంచు కొరికింది, దానికి నేనేం అననింక, అది కూడ మా చెట్టుదే.

ఒక్కటి మాత్రం తెల్సుకొని కొనండి, ఫీడర్ పెట్టంగనే పెరట్ల తిరిగే పిట్టలన్నీ దాని మీద వాలవు. ముక్కు చూస్తే తిండి తెలుస్తది, పొట్టిగ లావుగ ఉన్న ముక్కు గింజలు పలగ్గొట్టనీకి, సన్నగ సూదిగ ఉన్నది పురుగులకు, తేనెకు. పికిలిపిట్టకు అరటిపండు, బొప్పాయి ముక్క పెడితే వస్తది, తేనెపిట్టకు మందారం చాలు. పిచ్చుక కూడ పెద్దగైనంక గింజలు తింటది గాని గూట్లె పిల్లలకు పెట్టేది పురుగులే, మీరు ఒక దిక్కు కొర్రలు పోసి ఇంకో దిక్కు మునగకు పురుగుమందు కొడితే ఆ పిల్లలకు తిండి లేనట్టే. 2020 ల వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్టుల పిచ్చుకల గురించి ఇదే ఉన్నది, దేశం మొత్తం మీద చూస్తే సంఖ్య దాదాపు నిలకడగనే ఉంది, పెద్ద సిటీలల్లనే తగ్గినయ్, కారణాలంటే పురుగులు తగ్గుడు, గూడు పెట్టనీకి సందులు లేకుండ పోవుడు, సెల్ టవర్లు అని అందరం అనుకునే దానికి గట్టి రుజువు లేదని రాసిన్రు. కొత్త ఇండ్లల్ల దూలాలు లేవు, పెంకుల సందు లేదు, యాడ పెడతయ్ గూడు? చెక్క డబ్బాకు 32 మిల్లీమీటర్ల రంధ్రం చేసి ఎత్తుల, నీడకు కొడితే పిచ్చుకకు సరిపోతది.

ఇగ మార్కులు ఎందుకు కోసిన్నో చెప్త. ఫీడర్‌ల నేను చూసే పెద్ద విషయం కడగనీకి వీలుందా లేదా, రంగు, డిజైన్ తర్వాత. ఒక్క జాగల రోజు పదుల పిట్టలు తిని అండ్లనే రెట్ట వేస్తే రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటయ్, సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంది, గువ్వలకు గొంతుల రోగం తెచ్చే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి ఉంది. రెండు వారాలకొకసారన్న మొత్తం విప్పి కడగాలె, తొమ్మిది వంతుల నీళ్ళకు ఒక వంతు బ్లీచ్ కలిపి నానబెట్టి, మంచిగ తొలిచి, పూర్తిగ ఎండినంకనే మళ్ళ గింజలు పోయాలె. ఈ ఫీడర్‌ల పళ్ళెం మర తిప్పితే ఊడొస్తది, అది సంతోషం, గాని ఆ మర సందుల తడి గింజలు ఇరుక్కుంటయ్, పాత టూత్ బ్రష్ లేకుండ రావు. పళ్ళెంకు అడుగున నీళ్ళు పోనీకి రంధ్రాలు ఇయ్యలే, జులై ముసురుకు గింజలు ముద్దయి మొలకలు వచ్చినయ్, దబ్బణం కాల్చి నేనే నాలుగు రంధ్రాలు పొడిసిన, అప్పటిసంది ఇబ్బంది లేదు. ఎండకు డబ్బా పసుపుకొచ్చి పెళుసైంది, ఇంకో ఎండకాలం ఆగదనే అనిపిస్తుంది. గందుకే ఒకటిన్నర కోసిన. రంధ్రాలు ఇచ్చి, జర మందం ప్లాస్టిక్ వాడితే నాలుగున్నర ఇచ్చేటోన్ని.

మట్టి చిప్ప దగ్గరికొస్త, అసలు నేను ఈ రివ్యూ రాసుడే దీని కోసం. క్లాక్ టవర్ దిక్కు ఎండకాలంల రంజన్లు అమ్ముతరు కదా, ఆ కుప్ప పక్కనే ఉంటయ్ ఈ చిప్పలు, 80 రూపాయలకు వెడల్పుది తెచ్చిన. అమ్మే ఆమె నేను లోతుది పట్టుకుంటే చేతుల్నుంచి తీస్కొని, పిట్టలకైతే గది వద్దు బిడ్డా, పిల్ల పడితే ఎక్కలేదు, గిది తీస్కపో అని లోతు లేంది ఇచ్చింది. రెండంగుళాల కంటె ఎక్కువ నీళ్ళు వద్దు, నడుమ ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద కూసుండి తాగుతయ్. మట్టికి నీళ్ళు ఊరుకుంట ఆరుతయ్ కాబట్టి మిట్ట మధ్యానం కూడ చల్లగనే ఉంటయ్, అదే స్టీలు గిన్నె అయితే చెయ్యి పెట్టలేం.

ఫీడర్‌కు వచ్చేవి నాలుగైదు రకాలే, చిప్పకాడికి రాని పిట్ట లేదు. పిట్టలకు చెమట పట్టదు, నోరు తెరుసుకొని రొప్పుకుంటనే ఒళ్ళు చల్లార్చుకుంటయ్, ఆ రొప్పుడుల ఒంట్లె నీళ్ళు పోతయ్, పైంగ ఎండు గింజలు తినేవాటికి తిండిల నీళ్ళే ఉండవు. మా దిక్కు మే నెలల 40 డిగ్రీలు దాటినప్పుడు పికిలిపిట్టలు, గోరింకలు, పొదలల్ల దాసుకొని తిరిగే జెముడుకాకి, గుంపుగ తిరిగే బాబ్లర్లు, అన్నీ వరుసకట్టి వచ్చినయ్. బాబ్లర్లు ఒకటొకటిగ దిగి తానం చేస్తయ్, మిగతావి చుట్టూ కావలి ఉంటయ్, ఒక్కటి అరిస్తే అన్నీ ఎగుర్తయ్. కాకి ఎక్కన్నుంచో ఎండు రొట్టె ముక్క తెచ్చి నీళ్ళల నానబెట్టుకొని తిన్నది. గువ్వ తాగుడు చూడండి ఒకసారి, ముక్కు నీళ్ళల పెట్టి తల ఎత్తకుండనే పీల్చుకుంటది, మిగతా పిట్టలల్ల శానమటుకు బుక్కెడు నోట్లె పట్టుకొని తల పైకెత్తి మింగుతయ్. ఇది తెల్సినప్పటిసంది నాకు నీళ్ళు తాగే పిట్టను చూసుడే పెద్ద పనైంది, ఆఫీసు పోయే టైం కూడ యాదికుండదు ఒక్కోసారి. నీళ్ళు మాత్రం రోజు పారబోసి కొత్తవి పొయ్యాలె, నిల్వ నీళ్ళంటే దోమలకు పండుగ.

పేర్లు తెల్వనోళ్ళ కోసం మెర్లిన్ యాప్ ఉంది, అమెరికల కార్నెల్ యూనివర్సిటీ పిట్టల ల్యాబోళ్ళది, పైసలు లేవు, యాడ్స్ లేవు. ఇండియా ప్యాక్ ఒకసారి దింపుకుంటే నెట్ లేకున్న నడుస్తది. యాడ చూసిన్రు, ఎప్పుడు చూసిన్రు, ఎంత సైజు, ఏమేం రంగులు, ఏం చేస్తుంది అని అడిగి లిస్టు ఇస్తది, ఫొటో ఇచ్చినా చెప్తది, కూత వినిపించినా చెప్తది. జామచెట్టుల నుంచి పొద్దంత గట్టిగ టువీ టువీ అని వినపడే కూత ఎంత పెద్ద పిట్టదో అనుకుంటం, ఫోన్ పట్టుకుంటే టైలర్‌బర్డ్ అని వచ్చింది, ఆకులను కలిపి కుట్టి గూడు పెట్టే పిట్ట, బొటనవేలంత ఉంటది. యాప్ చెప్పింది సూచన అనుకొని కండ్లతో చూసి ఖాయం చేసుకోండి, గట్ల చూస్తేనే పిట్ట మనకు గుర్తుంటది. బైనాక్యులర్స్ పెరటికి అవసరం పడదు, చెరువు కట్టలకు, చేన్లకు పోతే 8×42 అని రాసి ఉన్నది చూడండి, ఎనిమిదంతలు దగ్గరగ చూపిస్తది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి వెలుతురు బాగొస్తది. ఇంకెక్కువ పెద్దగ చూపించేవి కొంటే చెయ్యి వణికినా బొమ్మ ఊగుతది.

ఫిబ్రవరిల నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని జరుగుతది, అమెరికల 1998 ల మొదలైంది, మన దేశం 2013 నుంచి పాల్గొంటుంది. పదిహేను నిమిషాలు మీ వాకిట్లనే కూసుండి కనపడ్డవి రాసి ఈబర్డ్ అనే పిట్టల లెక్కల వెబ్‌సైట్ల పెడితే చాలు. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ నిజాం కాలంల, 1931-32 ల హైదరాబాద్ సంస్థానం మొత్తం తిరిగి పిట్టల సర్వే చేసిండు, మన నల్లమలల ఫరహాబాద్‌కు కూడ వచ్చిండు. అప్పటి లెక్క ఆయన రాసిపెట్టినందుకే ఇయ్యాల పోల్చుకోనీకి ఒకటుంది. మన పాలమూరు వాడల నుంచి లిస్టులు మస్తుగ పోవాలని నాకు గట్టిగ ఉంది. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి కదా, స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ 2023 రిపోర్టుల బాగ తగ్గుతున్న వాటిల దాని పేరు కూడ వచ్చింది. అది ఫీడర్‌కు రాదు, కరెంటు తీగ మీద కూసుండి కింద పురుగు కనపడితే దుంకుతది, దానికి కావాల్సింది మందు కొట్టని చేను. దసరకు పంజరంల పెట్టి చూపిచ్చి పైసలు అడుగుతరు కొందరు, వాళ్ళకు ఇయ్యకండి, దాన్ని పట్టుడే 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం నేరం, మన రామచిలుకలను పెంచుడు కూడ అంతే.

కొన్నోళ్ళు యాడ కట్టాలె అంటే, కిటికీ అద్దానికి మూడడుగుల లోపల గాని, ముప్పై అడుగుల అవతల గాని కట్టండి, నడుమ దూరంల కడితే బెదిరి ఎగిరినప్పుడు స్పీడుగ పోయి అద్దానికి గుద్దుకొని సస్తయ్. పిల్లి దాసుకునే గుబురు పక్కన వద్దు. రాత్రి పూట విప్పి లోపల పెట్టండి, ఎలుకలు రావు. కోతులు తిరిగే వాడల ఉన్నోళ్ళు మాత్రం ఫీడర్ జోలికి పోకండి, ఒక్క పొద్దుల పీకి పడేస్తయ్, ఆ 350 పెట్టి నాలుగు చిప్పలు తెచ్చి గోడ మీద ఒకటి, చెట్టు కింద ఒకటి, డాబా మీద నీడకు రెండు పెట్టుకోండి. చిప్పలు సంక్రాంతి అయినంక వస్తయ్ అంగట్ల, మే దాక ఆగితే పగిలినవే మిగుల్తయ్.